జీవానందం తెర మీద సముద్రం

పోర్ట్‌బ్లెయర్‌కి ఎదురొడ్డున, బాంబూఫ్లాట్ జెట్టీలో ఫెర్రీ దిగినవాళ్ళకి ముందుగా కనబడేది సింహాచలమ్మ టీ కొట్టు. ఆ కొట్టు నెత్తిన, చెక్క మెట్లెక్కి పోతే, జీవానందం కొట్టు. కింద టీ అడిగితే అడిగిన చేతికే గ్లాసు వచ్చేది. పైన ఏమడిగినా అతను ఓడ రావాలనేవాడు.

పైకొట్టులో అమ్మేది ఓడలో దిగే ఉల్లిపాయలూ కాదు, సిమెంటూ కాదు. వెబ్‌సైట్లు. ఇంటర్నెట్‌లో ఎవరి పేరు మీద వాళ్ళకి ఒక గది కట్టి, అందులో వాళ్ళ ఫొటోలూ ఫోను నంబర్లూ గొప్పలూ సర్ది పెట్టడం జీవానందం పని. ఆ గదికి ఓడతో ఏం సంబంధమని సింహాచలమ్మ మెట్ల కింద నుంచి ఎన్నిసార్లు అడిగినా అతను విసుక్కోకుండా చెప్పేవాడు. అప్పటికింకా సముద్రం అడుగున తీగ వెయ్యలేదు. దీవులకి ఇంటర్నెట్ అంతా ఆకాశంలోని ఉపగ్రహం నుంచే, నీళ్ళు ఆగిపోయే ముందు కుళాయిలోంచి వచ్చే ధారలా సన్నగా దిగేది. మబ్బు పట్టిందా, అదీ లేదు. ఇక సైటు కట్టడానికి ఫ్రేమ్‌వర్క్ అని ఒక సామాను ఉంది. గోడలూ తలుపులూ సగం బిగించి ఇచ్చేసే చట్రం లాంటిది. మహా బరువు. ఆ సన్నధారలో దాన్ని పట్టుకోవడం అయ్యే పని కాదు. అందుకని విశాఖపట్నంలో చదువుకున్నప్పటి స్నేహితుడొకడు దాన్ని అక్కడ దించి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఓడెక్కే తెలుగువాళ్ళెవరికో అప్పజెప్పేవాడు. వాళ్ళు ఆవకాయ జాడీల మధ్య పెట్టుకుని దాన్ని భద్రంగా తెచ్చేవాళ్ళు. తీరా అది కొట్టు చేరేసరికి అక్కడ దానికంటే కొత్తది వచ్చి ఉండేది. జీవానందం మళ్ళీ కబురు పెట్టేవాడు.

ఉన్నదానితో పని జరగదా అని సింహాచలమ్మ అడిగింది.

"జరుగుద్ది దీదీ. కానీ అది పాతదైపోయింది కదా."

"మరి నా టీ గిన్నె సంగతేటి తమ్ముడూ? మా అత్త నాటిది. పాతదైపోయిందని టీ దిగడం మానేసిందా?"

జీవానందం నవ్వాడు. టీ వేరు, టెక్నాలజీ వేరు అని అతని నమ్మకం.

ఈ పనిముట్ల పిచ్చి అతనికి పుట్టుకతో వచ్చింది. తాత భీమిలి పక్క నుంచి పడవ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. తండ్రి డాక్‌యార్డులో ఫిట్టరు. తల్లి మేరమ్మ కొడుకుని బడికి పంపితే వాడు జెట్టీకి పోయేవాడు. తక్కిన పిల్లలంతా ఖాళీ సీసాకి నూలు చుట్టి, కొసన గాలం కట్టి, మధ్యాహ్నానికల్లా కూరకి సరిపడా చేపలు పట్టుకుపోయేవారు. జీవానందం మాత్రం సైకిలు చెయినూ, రెండు పళ్ళచక్రాలూ, తండ్రి పెట్టెలోంచి తీసిన స్ప్రింగూ పెట్టి ఒక యంత్రం తయారుచేశాడు. చేప కొరకగానే గంట మోగాలి. గంట మోగింది. చేప కొరికినా మోగింది, కెరటం తగిలినా మోగింది, ఫెర్రీ పోతే ఆగకుండా మోగింది. దగ్గర్లో ఉన్న చేపలన్నీ ఆ మోతకి హడిలి అవతలి ఒడ్డుకి పోయాయి. తక్కిన పిల్లలు తన్నబోతే మేరమ్మ అడ్డం పడి, మావాడి బుర్రే బుర్ర అని చెప్పుకుని మురిసిపోయింది. ఆ మురిపెమే వాణ్ణి విశాఖపట్నం పంపి కంప్యూటరు చదివించింది.

చదువయ్యాక తిరిగొచ్చి, అబర్డీన్ బజార్ దగ్గర ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరుగా చేరాడు. చల్లటి గది, ఫ్యాను కింద కుర్చీ, సెలవు దినాలు. ఆ ఉద్యోగం చూసే సత్యవేదం గారు తన కూతురు లీదియాని ఇచ్చారు. పెళ్ళి దండలు వాడకముందే అల్లుడు ఉద్యోగం మానేసి, టీ కొట్టు మీద గది తీసుకుని బోర్డు కట్టించాడు. సత్యవేదం గారు రిటైరైన హెడ్ క్లర్కు. ఆఫీసు అంటే ఆయనకి రెండో ఆరాధన. ఆయన కేకలెయ్యలేదు. పాత పరిచయాలన్నీ తిరగేసి, జనవరిలో అల్లుడికి మరో ఆఫీసులో అలాంటి కుర్చీయే ఒకటి ఖాళీ ఉండేలా మాట తీసుకుని వచ్చారు. తరవాత కూతురింట్లో భోజనానికి కూర్చుని, అన్నం కలుపుకుంటూ చెప్పారు.

"ఈలోగా మన సంఘం స్వర్ణోత్సవం ఉంది. దానికి వెబ్‌సైటు నువ్వే కట్టు. అది నిలబడితే నీ కొట్టు నిలబడినట్టే, నేనింక నోరెత్తను. లేదంటే జనవరిలో టక్ చేసుకుని ఆఫీసుకి పోతావు. అంతే కదా బాబూ?"

జీవానందం అంతే మావయ్యా అన్నాడు. వేరే ఏమనగలడు?

ఆ స్వర్ణోత్సవం ఆయనకి ఉత్త పండగ కాదు. ఆ తెలుగు క్రైస్తవ సంఘాన్ని మొదలుపెట్టినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కరే. మొదట్లో ఒకే షెడ్డులో చాపల మీద కూర్చున్న కుటుంబాలు, ఉద్యోగాల మీదా భూముల మీదా చెదిరిపోయి, హట్‌బేలో కొందరు, మాయాబందర్‌లో కొందరు, డిగ్లీపూర్‌లో కొందరు, చౌల్దారీలో కొందరు అయ్యారు. వాళ్ళందర్నీ ఒక్కసారి, ఒకే కప్పు కింద, పేరు పెట్టి పిలవాలని ఆయన కోరిక. తన తరవాత అన్ని పేర్లూ తెలిసినవాళ్ళు ఎవరూ లేరు మరి.

ఇంతకుముందు ఏ కూడిక ఉన్నా కబురు బోట్ల మీదే పోయేది. హట్‌బే బోటు నడిపే సరంగుకి ఒక మాట చెబితే చాలు, అతను అక్కడ జెట్టీలో దిగీ దిగకుండానే ఫలానా శనివారం మీవాళ్ళ పండగంట అని కేకేసేవాడు. ఏ మతంవాడైనా, ఏ భాషవాడైనా సరే, సరంగులు ఏనాడూ తారీకు తప్పు చెప్పలేదు. ఈసారి కమిటీలో ఆ మాట వస్తే సత్యవేదం గారే కొట్టిపారేశారు. స్వర్ణోత్సవానికి కేకలేమిటి, అంతా వెబ్‌సైటులో ఉంటుంది, మా అల్లుడు కడుతున్నాడు అన్నారు. అల్లుడు ఉద్యోగం మానేసిన సంగతి అప్పటికే అందరికీ తెలుసు కనుక, ఆయన్ని నొప్పించడం ఇష్టంలేక అంతా ఊఁ అన్నారు.

జీవానందం పని మొదలుపెట్టాడు. సైటు తెరవగానే సముద్రం రావాలి. బొమ్మ కాదు, కదలాలి. కెరటం వచ్చి ఒడ్డు తాకాలి, పక్షులు ఎగరాలి, గుడి గంట మోగాలి. గంట ఆగాక ఇంతవరకూ సేవ చేసిన పాస్టర్లందరూ ఒకరి వెనక ఒకరు కుడి పక్క నుంచి జారుతూ వచ్చి, చిరునవ్వు నవ్వి, ఎడమ పక్కకి జారిపోవాలి. అక్షరాలు పెళ్ళిపత్రిక మీద ఉన్నట్టు వంపులు తిరగాలి. కమిటీలో ప్రతివాళ్ళకీ లోపలికి పోయి ఎవరి సంగతులు వాళ్ళే రాసుకోవడానికి ఒక్కొక్క తలుపూ, ఒక్కొక్క తాళం. ఇచ్చిన తాళాలన్నీ కమిటీవాళ్ళు ఇచ్చిన రోజే మరిచిపోయారు. ఏం మార్చాలన్నా మెట్ల కింద నిలబడి, జీవా, మా ఫొటో మార్చరా అని పిలిచేవారు.

కెరటం కదలడానికి ఒక సామాను కావలసొచ్చింది. ఆ సామాను నడవడానికి మరొకటి. దానికి కింద ఇంకోటి. ఎవరో ఎక్కడో ఏ దేశంలోనో ఖాళీగా ఉన్నప్పుడు రాసి వదిలేసిన ముక్కలు అవి. ఒకడు తన ముక్క మారిస్తే ఇక్కడ బాంబూఫ్లాట్‌లో పక్షులు తలకిందులుగా ఎగిరేవి. అప్పుడు జీవానందం తల పట్టుకుని, కొత్త ముక్క కోసం విశాఖపట్నానికి కబురు పెట్టి, ఓడ ఎప్పుడొస్తుందో కనుక్కోవడానికి ఫెర్రీ ఎక్కి పోర్ట్‌బ్లెయర్ పోయేవాడు. అతను కూర్చున్న కుర్చీ పక్కనే కిటికీ ఉంది. కిటికీలోంచి చూస్తే కెరటాలు వచ్చి ఒడ్డు తాకుతూనే ఉన్నాయి, పక్షులు బుద్ధిగా వీపు పైకి పెట్టుకునే ఎగురుతున్నాయి. ఎండ తెర మీద పడుతోందని అతను ఆ కిటికీకి అట్ట అడ్డం పెట్టాడు.

అక్టోబరు వచ్చేసరికి దూరపు దీవులవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. తారీకులేవి? ఎక్కడ దిగాలి? సెలవు పెట్టుకోవద్దా? సైటు ఓడ కోసం ఎదురుచూస్తోంది. సత్యవేదం గారు ఏదో ఒకటి పెట్టమని ఒత్తిడి చేస్తే, జీవానందం ఒక మధ్యాహ్నం, లీదియా అన్నం వడ్డించేలోపు, చేత్తో ఒక పేజీ రాసి పడేశాడు. ఫ్రేమ్‌వర్కూ లేదు, మరోటీ లేదు. తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలు. పండగ ఏ రోజు, బోటు దిగినవాళ్ళని ఎవరు తీసుకొస్తారు, ఎక్కడ పడుకోవాలి, ఎవరి కంచం వాళ్ళు, ఎవరి దుప్పటి వాళ్ళు తెచ్చుకోవాలి. పిల్లలకి తెలుగు మాట వచ్చుగాని చదవడం రాదు కదాని అదే సంగతి ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాశాడు. అడుగున ఒక వాక్యం పెట్టాడు. 'అసలు సైటు త్వరలో వస్తుంది. అసౌకర్యానికి క్షమించండి.'

అది తను చేశానని ఎవరితోనూ చెప్పొద్దని లీదియాకి చెప్పాడు. చదువుకున్నవాడు చేసే పని కాదది, గోడ మీద బొగ్గుతో రాసినట్టుంది అని అతని సిగ్గు. హట్‌బే నుంచి ఒకాయన ఫోను చేసి, సైటు చాలా బాగుంది బ్రదర్, ఇలా ముట్టుకుంటే అలా వచ్చేస్తోంది అంటే, వెక్కిరిస్తున్నాడనుకుని రెండు రోజులు అన్నం సయించక తిరిగాడు.

డిసెంబరు మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక, గుడిలో తెల్లగుడ్డ కట్టి, ప్రొజెక్టరు పెట్టి, అసలు సైటు విడుదల చేశారు. సరుకంతా జీవానందం కంప్యూటరు కడుపులోనే ఉంది, ఆకాశం నుంచి ఏదీ దిగనక్కర్లేదు. కెరటం వచ్చింది. పక్షులు సరిగ్గానే ఎగిరాయి. గంట మోగింది. కాలం చేసిన పాస్టర్లు చిరునవ్వుతో జారుకుంటూ వస్తుంటే వెనక వరసల్లో స్తోత్రం, స్తోత్రం అన్నారు. సత్యవేదం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తుడుచుకోవడం చూసి జీవానందం, ఇక జనవరి భయం లేదనుకున్నాడు. ఆ మధ్యాహ్నమే పాత తెల్ల పేజీని తన చేత్తో తీసేసి, దాని చోట సముద్రాన్ని పెట్టాడు.

మర్నాటి నుంచి జనం కొట్టుకి రావడం మొదలైంది. ఇంట్లో ఫోనులో సైటు రావడం లేదు, నీ దగ్గర బాగా వస్తుందట కదా అని వచ్చేవారు. పోర్ట్‌బ్లెయర్ నుంచి ఫెర్రీ ఎక్కి కుటుంబాలతో వచ్చేవారు. జీవానందం అట్ట సరిచేసి, గది చీకటి చేసి, వాళ్ళకి సముద్రం చూపించేవాడు. చూసినవాళ్ళు మెచ్చుకుని, మెట్లు దిగి, టీ తాగి, అసలు సముద్రం మీంచి ఇళ్ళకి పోయేవారు. సింహాచలమ్మ రెండో గిన్నె పెట్టింది. వచ్చేపోయే జనాన్ని చూసి జీవానందం ఛాతీ పొంగింది. సైటంటే ఇలా ఉండాలన్నాడు.

లీదియా క్యారేజీ తెచ్చి, గది నిండా జనాన్ని చూసి, గుమ్మంలోనే ఆగి అంది. "ఎలాగూ పడవెక్కి ఇంతదూరం వస్తున్నారు కదండీ. తారీకు నోటితో చెప్పేస్తే పోయేది కదా?"

జనం ముందు భార్య పరువు తీసిందని జీవానందం ఆ రోజు క్యారేజీలో పెరుగు ముట్టలేదు.

పండగ శనివారం. బుధవారం నుంచి గాలి మొదలైంది. గురువారానికి హార్బరులో తుఫాను జెండా ఎగిరింది, బోట్లన్నీ కట్టేశారు, బాంబూఫ్లాట్ ఫెర్రీ కూడా నిలిపేశారు. కమిటీ కూర్చుని పండగని పై శనివారానికి మార్చింది. సత్యవేదం గారు వంటవాళ్ళని వెనక్కి పంపి, గుడికి తాళం వేసి, అల్లుడికి కబురు పెట్టారు. సరంగులతో చెప్పిద్దామంటే బోట్లే కదలడం లేదు. ఫోన్లు చేస్తే గాలికి మాట ముక్కలు ముక్కలై, శనివారం అన్నదొక్కటే అవతలికి వినిపించేది. ఏ శనివారమో వినిపించేది కాదు. సత్యవేదం గారు బెదరలేదు. సైటులో పెట్టించాను కదా అన్నారు.

నిజంగానే జీవానందం పెట్టాడు. ఎర్రటి అక్షరాల్లో, పండగ వాయిదా అని, గంట ఆగాక, పాస్టర్లకంటే ముందు, కెరటం మీద తేలుతూ వచ్చేటట్టు అమర్చాడు. తన తెర మీద ఒకటికి నాలుగుసార్లు చూసుకున్నాడు. అంత అందమైన వాయిదా ఎవరూ వేసి ఉండరు.

శనివారం పొద్దున్న, హోరున వాన కురుస్తుండగా, ఫెర్రీతో పని లేకుండా చుట్టురోడ్డున తిరిగొచ్చే బస్సు వచ్చి టీ కొట్టు ముందు ఆగింది. అందులోంచి ముందు ఒక గుమ్మడికాయ దిగింది, దాని వెనక జ్ఞానవతి దిగింది. మేరమ్మకి అక్క, జీవానందానికి పెద్దమ్మ, చౌల్దారీలో కూరగాయల మడి ఉన్న మనిషి. ఆమె వెనక చౌల్దారీ తెలుగు కుటుంబాలన్నీ, ముసలీ ముతకా, చంటిపిల్లలతో సహా. ఎవరి కంచం వాళ్ళ సంకలో ఉంది, ఎవరి దుప్పటి వాళ్ళ నెత్తిన ఉంది. అందరూ టీ కొట్టు పాక కిందికి చేరారు. జీవానందం మెట్ల మీంచి చూసి, ఒక మెట్టు తప్పి, పరుగున కిందికొచ్చాడు.

"పెద్దమ్మా, పండగ లేదు. వాయిదా వేశాం. సైటు చూడలేదా?"

"చూడకేటి నాయనా. రోజూ పొద్దున్నే ప్రార్థన చేసుకుని చూస్తన్నాను. బయల్దేరే ముందు కూడా చూశాం. తిరుగుతానే ఉంది."

"ఏం తిరుగుతోంది?"

జ్ఞానవతి రవికెలోంచి ప్లాస్టిక్ సంచీ తీసి, సంచీలోంచి ఫోను తీసి, కొంగుతో తుడిచి, అతని ముందు పెట్టింది. తెల్లటి తెర. దాని నడిమధ్య చిన్న చక్రం, గుండ్రంగా, అలా తిరుగుతూ ఉంది. లోపల సముద్రం రావడానికి గింజుకుంటోందని చెప్పే చక్రం అది. ఆ సన్నధారలో ఆ సముద్రం ఆ రోజుకి గాని, ఆ వారానికి గాని, వచ్చేది కాదు.

"ఎంత చక్కగా పెట్టావో," అంది జ్ఞానవతి. "పాతదాంట్లో ఒట్టి అక్షరాలే. ఈ చక్రం వచ్చినాక మాకు చదువుకునే పని తప్పింది. తిరుగుతా ఉందంటే పండగ ఉన్నట్టే కదా? మా సందులో అందరికీ నేనే చెప్పాను. హట్‌బేలో మా ఆడపడుచుకి కూడా. వాళ్ళ ఫోన్లోనూ తిరుగుతోందంట."

పాక కింద ఉన్నవాళ్ళందరూ అవునంటే అవునన్నారు. ఒకాయన అది యేసయ్య ముళ్ళకిరీటం గుర్తేమో అనుకున్నానన్నాడు. మరొకావిడ తన ఫోనూ తీసి చూపించింది. దాంట్లోనూ చక్రమే.

జీవానందం మెట్టు మీద కూర్చుని లెక్క వేసుకున్నాడు. చౌల్దారీ అంటే బస్సెక్కి వచ్చింది, బస్సెక్కి పోతుంది. హట్‌బేవాళ్ళు, మాయాబందర్‌వాళ్ళు? గాలి తగ్గగానే, రేపో ఎల్లుండో, మొదటి బోటుకే ఎగబడి ఎక్కుతారు, బోటు కోసం పండగ ఆపి ఉంచారనుకుని. కంచాలూ దుప్పట్లూ పట్టుకుని తాళం వేసిన గుడి ముందు దిగుతారు. వెనక్కి పోతారు. మళ్ళీ శనివారానికి ఎవరికి సెలవు దొరుకుతుంది, ఎవరికి బోటు టిక్కెట్టు దొరుకుతుంది? మావయ్య పేర్లు పిలుస్తుంటే పలకడానికి ఎవరుంటారు?

ఈలోగా గొడుగు వేసుకుని సత్యవేదం గారే వచ్చారు. పాక కింద జనాన్ని చూశారు, కంచాలు చూశారు, జ్ఞానవతి చేతిలో ఫోను తీసుకుని చాలాసేపు చూశారు. కేకలెయ్యలేదు. "గుడి తాళం తీయిస్తాను. తడిసిపోయారు వీళ్ళు," అన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "జనవరికి నీ బూట్లు ఉన్నాయా బాబూ, కొనాలా?"

జీవానందం పైకి పోయాడు. సముద్రాన్ని తీసేసి, వాయిదా ఒక్కటే పైన పెడదామని కూర్చున్నాడు. ఫ్రేమ్‌వర్క్ ఒప్పుకోలేదు. ఒక వరస మార్చాలంటే మొత్తం మళ్ళీ కట్టాలంది. మళ్ళీ కట్టాలంటే ఫలానా ముక్క పాతబడింది, కొత్తది తెచ్చుకో అంది. ఆకాశం నిండా మబ్బు. కొత్త ముక్క చుక్క చుక్కగా దిగడం మొదలుపెట్టింది. తెర నడిమధ్య ఒక చక్రం తిరగసాగింది. జ్ఞానవతి ఫోనులోదే, అదే చక్రం. ఇన్నాళ్ళూ దాన్ని ఊరందరికీ పంచి, తన కొట్టులో మాత్రం ఎప్పుడూ చూడలేదు.

చిన్నప్పుడు జెట్టీ మీద మోగిన గంట అతనికి గుర్తొచ్చిందో లేదో తెలియదు. కుర్చీ వెనక్కి తోసి, మళ్ళీ ముందుకి లాక్కుని, కంప్యూటరులో ఒక మూల పారేసిన ఆ తెల్ల పేజీని తెరిచాడు. పైన ఒక్క వాక్యం రాశాడు. 'పండగ ఈ శనివారం కాదు, వచ్చే శనివారం. గాలి తగ్గినా ఇప్పుడు బయల్దేరకండి.' దాన్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు, కింద ఒక వరస హిందీలో రాశాడు. సముద్రం ఉన్నచోట దాన్ని పెట్టాడు. అది ఎంత తేలికైనదంటే, మబ్బు మబ్బుగానే ఉంది, పేజీ వెళ్ళిపోయింది. కింద సింహాచలమ్మ ఇంకా టీలో పంచదార కలుపుతోంది.

తన తెర మీద చూసుకోలేదు. మెట్లు దిగి, జ్ఞానవతి చేతిలోని ఫోనే తీసుకుని నొక్కాడు. నల్లటి అక్షరాలు అప్పటికప్పుడు వచ్చి నిలబడ్డాయి.

జ్ఞానవతి మొహం వాడిపోయింది. "చక్రం ఆగిపోయిందేటి నాయనా? అయితే పండగ లేదన్నమాట."

"అదే పెద్దమ్మా, నేను పొద్దుట్నించీ చెప్తున్నది."

"నువ్వు చెప్తే ఏటి, ఇది చెప్పాలి గానీ," అని ఆమె తక్కినవాళ్ళకేసి తిరిగి, పండగ లేదంట, చక్రం ఆగిపోయింది అని ప్రకటించింది. అక్షరం ముక్క చదవకుండానే చౌల్దారీ మొత్తం వాయిదా సంగతి ఒప్పేసుకుంది.

ఆ రోజు లీదియా, సింహాచలమ్మ కలిసి ఆ గుమ్మడికాయే కోసి వండారు. తాళం తీసిన గుడిలో, తడిసిన దుప్పట్లు ఆరేసుకుని, వచ్చినవాళ్ళు వచ్చినంతలో పాడుకుని, మధ్యాహ్నం బస్సుకి పోయారు. జీవానందం వడ్డించాడు గాని తినలేదు. ఫోను జేబులో పెట్టుకుని, మాటిమాటికీ తీసి చూసుకుంటూ తిరిగాడు. ఆదివారం గాలి తగ్గింది. సోమవారం హట్‌బే బోటు వస్తుందన్నారు. అతను జెట్టీకి పోయి, ఫెర్రీ ఎక్కి, అవతలి ఒడ్డున బోటు ఆగేచోట నిలబడ్డాడు. దిగినవాళ్ళందరి సంకలూ చూశాడు. కొబ్బరికాయలున్నాయి, కోళ్ళున్నాయి, ఆస్పత్రి కాగితాలున్నాయి. కంచం దుప్పటి పట్టుకున్నవాడు ఒక్కడు లేడు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు. హట్‌బే ఆయన మర్నాడు ఫోను చేసి, మధ్యలో మీ సైటు పాడైనట్టుంది బ్రదర్, మళ్ళీ బాగు చేశారు, సంతోషం అన్నాడు. ఈసారి జీవానందానికి అది వెక్కిరింతలా వినిపించలేదు.

పై శనివారం అందరూ వచ్చారు. సత్యవేదం గారు వేదిక మీద నిలబడి, కాగితం లేకుండా, కుటుంబం తరవాత కుటుంబాన్ని పేరు పెట్టి పిలిచారు. పిలిచిన ప్రతి పేరుకీ ఏదో మూల నుంచి పలుకు వచ్చింది. చివర్లో ఆయన గొంతు సవరించుకుని, ఇంతమందిని ఇక్కడికి తెచ్చిన ఘనత మా అల్లుడు కట్టిన వెబ్‌సైటుది, ఆ సముద్రం, ఆ గంటా మీరంతా చూసే ఉంటారు అన్నారు. హట్‌బేవాళ్ళు మాయాబందర్‌వాళ్ళకేసి చూశారు, మాయాబందర్‌వాళ్ళు డిగ్లీపూర్‌వాళ్ళకేసి చూశారు. తాము తప్ప అందరూ చూశారు కాబోలనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. జీవానందం లేచి నమస్కారం పెట్టాడు. నిజం చెప్పడానికి అది చోటు కాదని లీదియా ముందే అతని మోకాలు నొక్కి చెప్పింది.

జనవరిలో ఆఫీసు కుర్చీ మాట ఎవరూ ఎత్తలేదు. బూట్ల మాట కూడా. కొట్టు నిలబడింది.

నిలబడిందిగాని, పని సులువు చేసుకున్నాక బేరం కష్టమైంది. జీవానందం ఇప్పుడు ఏ సైటైనా ముందు చేత్తో రాస్తాడు. ఏ సామానైనా తీసుకునే ముందు, ఇది లేకపోతే ఆగిపోయే పనేమిటి అని తనని తాను అడుగుతాడు. ఎక్కువసార్లు జవాబు దొరకదు, సామాను బయటే ఉంటుంది. జ్ఞానవతికి కొత్త ఫోను కొనిచ్చి, ఆ పాత ఫోను తను తెచ్చుకున్నాడు. అందులో తెరుచుకోనిది ఏదీ కొట్టు మెట్లు దిగదు. కానీ అబర్డీన్ బజార్ నుంచి వచ్చిన షాపాయన తన సైటు చూసి నోరు చప్పరించాడు.

"యే క్యా హై భయ్యా? బిల్‌కుల్ ఖాళీగా ఉంది. దీనికి ఇన్ని రోజులెందుకు? మా పిల్లాడు రాసేవాడు."

"రాసేవాడు గాని, ఇంకా చాలా రాసేవాడు భయ్యా. అదే కష్టం," అని జీవానందం చెప్పి చూశాడు. ఆయనకి ఎక్కలేదు. చివరికి అడుగున చిన్న కొబ్బరిచెట్టు బొమ్మ ఒకటి, కదలనిది, పెడితే శాంతించి పోయాడు. ఇప్పుడు అందరికీ అడుగున ఒక కొబ్బరిచెట్టు పెడుతున్నాడు. కిటికీకి అడ్డం పెట్టిన అట్ట తీసి, టీ గ్లాసులు పెట్టుకునే పళ్ళెం కింద వేశాడు.

తరవాత సముద్రం అడుగున తీగ వచ్చింది. ఇంటర్నెట్ ధార లావైంది. సత్యవేదం గారికి చూపు తగ్గింది, ఆశ తగ్గలేదు. ఇప్పుడు వేగం వచ్చింది కదా, ఆ సముద్రం మళ్ళీ పెట్టు, పోయేలోగా ఒకసారి చూస్తాను అన్నారు. మావగారి మాట కాదనలేక జీవానందం ఆ పాత సైటుని దులిపి, లేపబోయాడు. అది లేవలేదు. కెరటాన్ని కదిపే ముక్కని రాసినవాడెవడో దాన్ని ఎప్పుడో వదిలేశాడట. ఇప్పుడది ఏ ఓడలోనూ రాదు. తెల్ల పేజీ మాత్రం ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. ఏటేటా తారీకు మారుస్తాడు, అంతే. అడుగున ఆ వాక్యం కూడా అలాగే ఉంది, అసలు సైటు త్వరలో వస్తుందని, అసౌకర్యానికి క్షమించమని. తీసేద్దామని ఒకసారి కమిటీలో అంటే సత్యవేదం గారు ఒప్పుకోలేదు.

"ఉండనీ. ఇంతకీ అసలుది ఎప్పుడొస్తుంది బాబూ?"

జీవానందం కిటికీలోంచి హార్బరు కేసి చూసి అన్నాడు. "ఓడ రావాలి మావయ్యా."